మూడో దినం చేతికి జెంబె ఇస్తరు

పాఠకుల ప్రశ్నలు, అక్క జవాబులు

పోయిన నెల ఇదే పేజీల ఒక చెల్లెకు జవాబు రాస్తూ మాటల మధ్యల "నేను, మా ఆయన టాంజానియాల 14 నెలలు వాలంటీర్లుగ ఉండి వచ్చినం" అని ఒక్క లైను రాసిన. గంతే, ఇగ ఉత్తరాలు, వాట్సాప్ మెసేజ్‌లు ఒకటే వచ్చుడు. అందుకే ఈ నెల కోడండ్ల పంచాదులు, పిల్లల ర్యాంకులు పక్కకు పెట్టి గవే తీసుకున్న. మిగిలినోళ్లు కోపం చేయకుండ్రి, వచ్చే నెల మీ వంతే.

ప్రశ్న: అక్కా, మాది హన్మకొండ. నేను ప్రైవేట్ స్కూల్ల సైన్స్ టీచర్‌ని, మా ఆయన ల్యాబ్ టెక్నీషియన్. పెండ్లయి రెండేండ్లయితుంది. ఒక సంస్థ ద్వారా ఇద్దరికీ టాంజానియాల మొరొగోరో దిక్కు ఏడాది వాలంటీర్ పని దొరికింది, జనవరిల పోవాలె. మా అత్తమ్మ "పైసల్ రాని కొలువుకు సముద్రం దాటుడేంది" అని రెండు రోజుల సంది సరిగ అన్నం తింటలేదు. నాకైతే దిగంగనే ఎట్లుంటదో అనే భయం. ధైర్యం చెప్పకు, నిజం చెప్పు. (ఒక చెల్లె, హన్మకొండ)

జవాబు: ధైర్యం చెప్పకు అన్నవు చూడు, అక్కడ్నే నచ్చినవ్ చెల్లె.

నువ్వు పోయేది కూడ మొరొగోరోకే అంటే నాకు నవ్వొచ్చింది, మేమున్నది ఆ దిక్కే, ఉలుగురు గుట్టల కింద ఒక పల్లె. 2022 ఆగస్టుల పోయినం. ముంబై నుంచి అడిస్ అబాబా, అక్కడ ఫ్లైట్ మారి దార్ ఎస్ సలామ్, అక్కడ్నుంచి బస్సు. దార్ నుంచి మొరొగోరో 190 కిలోమీటర్ల దాకా ఉంటది, హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయినట్టు కంటె జర ఎక్కువ, కానీ సిటీ దాటనీకే సగం దినం పోయింది మాకు. ఇప్పుడు 2024 జూన్ సంది కరెంటు రైలు నడుస్తుంది, మీకు సుఖం. ఊర్లె దిగేటాళ్లకు పొద్దు గూకింది, అక్కడ చీకటి పడుడు అంటే మన లెక్క మెల్లమెల్లగ కాదు, భూమధ్యరేఖకు దగ్గరగదా, ఎవరో స్విచ్ బంద్ చేసినట్టు అయితది. ఆ రాత్రి కరెంటు లేదు. రేకుల ఇల్లు, రెండు రూములు, మా ఆయన నీళ్ల బకెట్ తట్టుకుని బోర్లపడ్డడు, ఇంట్ల ఉన్న నీళ్లన్నీ గవే. గంత దూరం పోయి మొదటి రాత్రి మొఖం కడుక్కోకుండ పండుకున్నం.

తెల్లారి తలుపు కాడ "హోడీ, హోడీ" అని ఎవరో పిలుస్తున్నరు. అక్కడ తలుపు కొట్టరు, హోడీ అంటరు, లోపలోళ్లు "కరీబు" అనాలె, అంటే రాండ్రి అని. నాకు తెల్వక లోపల్నే కూసున్న, వాళ్లు బయట్నే నిలవడ్డరు, ఎంతసేపో మరి. చివరికి మా ఆయన తలుపు తీస్తే ఆరుగురు ఆడోళ్లు, ఒకామె నెత్తి మీద ఇరవై లీటర్ల నీళ్ల డబ్బా. రాత్రి నీళ్లు పారవోసుకున్నమని ఊరంతా ఎట్ల తెలిసిందో ఇప్పటికీ నాకు సమజ్ కాలే. అందరూ "పోలే, పోలే సానా" అంటున్నరు. పోలే అంటే సారీ అని పుస్తకంల చదివిన, వీళ్లెందుకు సారీ చెప్తున్నరు, తప్పు వీళ్లది కాదు గదా అనుకున్న. తర్వాత తెలిసింది అది తప్పు ఒప్పుకునుడు కాదు, మనం "అయ్యో పాపం" అంటం చూడు, గదీ. ప్రయాణం చేసొస్తే పోలే, రాయి తాకితే పోలే, పని చేసి అలిసిపోతే పోలే. ఈ ఒక్క మాట పోయినంక మొదటి రోజే నేర్చుకో.

ఇగ నా పరువు పోయిన ముచ్చట. హెడ్ మాస్టర్ వచ్చి రేపు "సా ంబిలి"కి బడికి రమ్మన్నడు. సా అంటే గంట, ంబిలి అంటే రెండు, నాకు గంత మటుకు వచ్చు. పగలు రెండు గంటలకు కాటన్ చీర ఇస్త్రీ చేసుకుని, పూలు దొరకకపోతే ఉత్త జడతోని పోయిన. చూస్తే గేటు కాడ పిల్లలు పొద్దుగాల ఎనిమిదింటికే లైన్ కట్టి పాటలు పాడి, నిలవడి నిలవడి ఇండ్లకు పోయిండ్రట. వాళ్ల లెక్క పొద్దు పొడిచిన కాడి నుంచి. అక్కడ ఏడాదంతా ఆరు, ఆరున్నరకే పొద్దు పొడుస్తది కాబట్టి మన ఏడు గంటలు వాళ్లకు ఒకటి, మన ఎనిమిది వాళ్లకు రెండు. మా తాత కూడ పొద్దెక్కి ఇన్ని గడియలయిందనే చెప్తుండె, ఆయనను తీస్కపోతే ఒక్క తప్పు చేయకపోవు. నీకొక ఉపాయం చెప్త: గడియారంల ముల్లు చూపించే అంకెకు ఎదురుగ ఉన్న అంకె చదువు. ఎనిమిదికి ఎదురు రెండు, తొమ్మిదికి మూడు. ఎవరన్న టైం చెప్తే పొద్దుగాలనా, మాపటికా అని కూడ అడుగు, సిగ్గుపడకు.

అక్కడి స్వాహిలి భాష గురించి భయపడుతున్నవేమో, మన తెలంగాణోళ్లకు ఆ భాషల సగం మాటలు ఇంట్ల మాటలే. దునియా అంటే దునియానే. పుస్తకం కితాబు, పెన్ను కలాము, లెక్కలు హెసాబు, వకీలు వకీలి, సబ్బు సబూని, కొట్టు దూకా, ఖబర్ అంటే హబారి, "హబారి" అనే పలకరిస్తరు. మందును దావా అంటరు, మనకు దవఖాన ఉండనే ఉంది. అరబ్బీ మాటలు ఇటు ఉర్దూల నుంచి మన దిక్కొచ్చినయ్, అటు ఓడల మీద వాళ్ల దిక్కు పోయినయ్. అక్కడి ఆటోని బజాజీ అంటరు, మన బజాజ్ పేరే. చిక్కంతా చుట్టరికాల కాడ. అక్కడ మామ అంటే అమ్మ, దాదా అంటే అక్క, కాక అంటే అన్న, బాబు అంటే తాత. మా ఆయనకు అప్పటికే నెత్తి తెల్లబడ్డది, ఊర్లె పోరగాండ్లు "బాబు, బాబు" అని ఎంటపడుతుంటే ఆయన మస్తు ఖుషీ అయిండు, అర్థం తెలిసిన దినం సంది టోపీ పెట్టిండు.

ఒక్క మాట మటుకు నాకు ముల్లు లెక్క గుచ్చుకుంది. పెద్దోళ్లను చూస్తే పిల్లలు "షికమో" అంటరు, పెద్దోళ్లు "మరహబా" అనాలె. షికమో అంటే నీ కాళ్లు పట్టుకుంటున్న అని. మా నాయనమ్మ దొర గడీ ముందట చెప్పులు చేతుల పట్టుకుని నడిచిన మనిషి, "నీ బాంచెన్ కాల్మొక్త" అనే మాట మా ఇంట్ల ఎవలూ నవ్వులాటకు కూడ అనరు. అసొంటిది నలభై మంది పిల్లలు ఒక్కసారి నాకు కాళ్లు మొక్కుతున్నమంటే ఎట్లుంటది చెప్పు. వద్దన్న. పిల్లలు బిత్తరపోయిండ్రు, పక్కన ఉన్న టీచరమ్మ మొఖం మాడ్చుకుంది, వాళ్లకు అది మన దండం లెక్కనే, నేను జవాబియ్యకపోతే వాళ్లను చిన్నగ చూసినట్టు. రెండు వారాలయినంక మరహబా అన్న. నాకంటె పెద్ద ముసలామె కనవడితే నేనే ముందుగాల షికమో అన్న, ఆమె మొఖం చూడాలె అప్పుడు.

బడి ముచ్చట నీకు పనికొస్తది కాబట్టి చెప్తున్న. అక్కడ సర్కారు బడులల్ల ప్రైమరీ మొత్తం స్వాహిలిల, ఫారం వన్ (అక్కడి హైస్కూల్ మొదటి క్లాసు) నుంచి ఒక్కసారే ఇంగ్లీషుల. మన దగ్గర పది దాకా తెలుగు మీడియం చదివి ఇంటర్ల ఎంపీసీ తీసుకున్న పిల్ల కండ్లు చూసినవా, గవే కండ్లు. నేను జిల్లా పరిషత్ బడిల పాతికేండ్లు లెక్కలు చెప్పిన, గా కండ్లు నాకు గుర్తు. వాళ్లకు లెక్క వస్తది, లెక్కల ఉన్న ఇంగ్లీషు రాదు. అందుకని మొదటి నెల నేను పాఠం చెప్పుడు కంటె బోర్డు మీద బొమ్మలేసుడే ఎక్కువ. నువ్వు కూడ పోంగనే సిలబస్ పట్టుకుని ఉరుకకు, ఎన్క బెంచీల కూసుని రెండు వారాలు వాళ్ల టీచర్ల క్లాసులు విను.

ఇంకో మాట, నిన్ను చూసి "మ్హిందీ" అంటరు, అంటే ఇండియనామె అని. తిట్టు కాదు. కానీ ఆ మాటెన్క ఒక చరిత్ర ఉంది, తరతరాల సంది అక్కడ దుకాణాలు నడిపినోళ్లల్ల గుజరాతోళ్లు మస్తుమంది. అందుకని మేము రాంగనే దుకాణం పెట్టనీకే వచ్చినమనుకున్నరు, ఒకాయన రేకులు ఎంతకు అమ్ముతరని నాలుగుసార్లు అడిగిండు. తెల్లోళ్లు పోతే సాయం చేయనీకి వచ్చిండ్రనుకుంటరు, మనం పోతే యాపారానికి అనుకుంటరు. బాధపడేది ఏం లేదు, నాలుగు నెలలు కనవడంగ కనవడంగ నువ్వు మ్వాలిము అయితవ్, అంటే టీచర్. (మక్కలను "మహిందీ" అంటరు, మొదట్ల నేను రెండూ కలిపేసి మార్కెట్ల మూడు కిలోల ఇండియన్లను ఇయ్యిమన్న.)

అత్తమ్మ సంగతి. ఆమె అడిగేది తప్పు ప్రశ్న కాదు. పైసలు ఎవరు పెడుతుండ్రో నీకే సరిగ తెలిసి ఉండాలె. ఇంటి కిరాయి, ఇన్సూరెన్స్, రానుపోను టికెట్, పెద్ద రోగమొస్తే తీస్కపోయే ఖర్చు, ఇవన్నీ కాయితం మీద రాయించుకో. వాలంటీర్ పనికి టూరిస్ట్ వీసా మీద పోవద్దు, అక్కడ వాలంటీర్లకు క్లాస్ సీ రెసిడెన్స్ పర్మిట్ అని ఉంటది, అది ఎవలు తీసిస్తరు, ఎప్పటికి చేతికొస్తదని అడుగు. ఉల్టా మీ దగ్గర్నే లక్షలు కట్టుమనే సంస్థ అయితే అత్తమ్మ దిక్కే నిలవడు, ఆమెతోని అన్నం తిను. కాయితాలు మంచిగుంటే ఆమె ముందట పెట్టి చదివి వినిపించు. మనకూ వాళ్లకూ రెండున్నర గంటలే తేడా, ఆమె రాత్రి ఎనిమిదిన్నర సీరియల్ టైంకు నీకు సాయంత్రం ఆరు, రోజూ మాట్లాడొచ్చు, కరెంటుంటే.

ప్రశ్న: మేడమ్, మాది జగిత్యాల దగ్గర పల్లె. మా ఊర్లె మగోళ్లు దుబాయ్, మస్కట్ పోయి ఇంటికి పైసలు పంపుతరు. నేను ఉల్టా, మా ఆవిడ నర్సు, ఆమెకు ఆఫ్రికాల వాలంటీర్ పని ఖాయమైంది, నాకు "పోయినంక చూద్దాం" అన్నరు. పెండ్లాం కొంగు పట్టుకుని పోతుండని మా దోస్తులు నవ్వుతుండ్రు. నేను అక్కడ ఏం చేయాలె? (పేరు వద్దన్నరు)

జవాబు: తమ్మీ, నీ ప్రశ్నకు జవాబు నాకంటె మా ఆయనకు బాగ తెలుసు, అడిగితే "నువ్వే రాయి, నీకే యాదికున్నది" అని పేపర్ అడ్డం పెట్టుకున్నడు.

ఆయన వ్యవసాయ శాఖల చేసి రిటైరయిండు. వరి రైతులతోని పని అన్నరు. ఒక పెన్ డ్రైవ్ నిండ శ్రీ వరి (తక్కువ నీళ్లతోని, దూరం దూరంగ నాటే వరి పద్ధతి) ఫొటోలు, ఒక ఫైలు, లామినేషన్ చేసిన చార్టులు, ఇరవైమూడు కిలోల సంచిల తొమ్మిది కిలోలు గవే. పోయి చూస్తే ఈయనతోని పనిచేయాల్సిన ఆఫీసరు వేరే జిల్లాకు బదిలీ, కొత్తాయన వచ్చేదాక ఆగుమన్నరు. ఒక వారం, రెండు వారాలు, ఐదు వారాలు. నేను పొద్దుగాల బడికి పోతున్న, ఈయన ఇంట్ల. నీళ్లు తెచ్చుడు, బొగ్గుల పొయ్యి అంటించుడు, పప్పు వండుడు. ముప్పై మూడేండ్లు జీపు దిగితే రైతులు లేసి నిలవడ్డ మనిషి. ఆడోళ్ల నడుమ బోరింగు కాడ లైన్ల డబ్బా పట్టుకుని నిలవడితే వాళ్లు నవ్వుతుండె, ఆ నవ్వు మంచిదే అని ఇప్పుడు తెలుసు, అప్పుడు తెల్వదు.

నాలుగో వారం లొల్లి అయింది. దేనికంటవ్, ఉప్పుకు. నేను బడి నుంచొచ్చి పప్పుల ఉప్పు లేదన్న, గంతే. ఆయన గిన్నె కింద పెట్టి "నన్ను ఎందుకు తెచ్చినవ్" అన్నడు. తేవాలనుకున్నది ఆయనే, ఫారాలు నింపింది ఆయనే, నేనే మొదట్ల వద్దన్నది. ఆ మాట నేనన్న. అనకపోతే అయిపోవు. ముప్పై ఏండ్ల కాపురంల మేము రెండు రోజులు మాట్లాడకుండ ఉన్నది అదే, ఇంకో రూములకు పోదామంటే ఉన్నయే రెండు, దోమతెర ఒక్కటే. పరాయి దేశంల కొట్లాటకు ఉన్న కష్టం ఏందంటే అలిగి పుట్టింటికి పోనీకి ఉండదు, దోస్తు కాడికి పోయి చాయ్ తాగి రానీకి ఉండదు, కోపం వచ్చిన మనిషితోనే తెలుగుల మాట్లాడాలె, ఇంకెవలకూ రాదు.

మూడో దినం పక్కింటి మామ (అమ్మ అని చెప్పిన గదా) వచ్చింది. అరవై ఉంటయ్. హోడీ అన్నది, ఈయన కరీబు అన్నడు. ఆమె చేతుల జెంబె ఉంది. జెంబె అంటే మన పార లాంటిదే, జర బరువు, నెత్తి దాక లేపి కొట్టాలె. దాన్ని మా ఆయన చేతుల పెట్టి చేనుదిక్కు చూపించింది. ఆ టైంల ఊరంతా అదే పని, అక్టోబర్ల చిన్న వానలొస్తయ్, వూలి అంటరు, దానికి ముందుగాలనే దున్ని పెట్టుకోవాలె, ట్రాక్టరు ఉన్నోళ్లు ఒక్కరో ఇద్దరో. అక్కడొక సామెత: "మ్గేని సికు ంబిలి, సికు యా తాతు ంపె జెంబె". సుట్టం రెండు దినాలు, మూడో దినం చేతికి జెంబె ఇయ్యి అని. వాళ్ల మొదటి అధ్యక్షుడు న్యెరేరే కూడ ఈ సామెత చెప్తుండె, ఆయన ముందుగాల పంతులే, అందుకే దేశమంతా మ్వాలిము అంటది. మాకు ఐదు వారాలకు ఇచ్చిండ్రు, అంటే అప్పటిదాక సుట్టాలమే అన్నట్టు.

పగటీలి వరకు ఆయన చేతులు పొక్కులొచ్చినయ్. మామ పోలే అన్నది, మళ్లొక సాలు చూపించింది. రాత్రి ఇంటికొచ్చి నేనేం అడగకముందే నా ముందట రెండు చేతులు చాపిండు, కొబ్బరినూనె రాసిన, మాటలు కలిసినయ్. క్షమించు గిమించు ఏం అనుకోలే.

పెన్ డ్రైవ్ ముచ్చట కూడ చెప్త. ఇంకో నెల కాంగనే కొత్త ఆఫీసరు వచ్చిండు, మీటింగు పెట్టిండు, ఈయన శ్రీ వరి గురించి చెప్పిండు. మొక్కకూ మొక్కకూ దూరం, నీళ్లు కట్టుడు తీసుడు, కలుపు వీడరుతోని తిప్పుడు. రైతులు మర్యాదగ విన్నరు. చివర్ల మామ అడిగింది, కలుపు ఎవలు తీస్తరు, నీళ్లు ఆన పడ్డప్పుడు వస్తయ్, తీసేయ్ అంటే ఎటు తీయాలె అని. జవాబు లేదు. పాకాల కింద, లక్నవరం కింద తూము తిప్పితే నీళ్లొచ్చే కాడ నేర్చుకున్న పద్ధతిని వాన మీద బతికే మడిల చెప్తే గట్లనే ఉంటది. ఫైలు అటుక మీదికి ఎక్కింది. ఆయన మామ మడిల నాట్లకు పోయిండు. ఏడో నెలల, మార్చిల పెద్ద వానలప్పుడు, ఆమెనే ఒక మూల చూపించి "ఇక్కడ నీ తాడు కట్టు చూద్దాం" అన్నది, సాలు నాటు ఏసిండ్రు. ఎంత పండింది అని అడగకు, ఆ మూల మంచిగనే పండింది, ఎద్దులో మేకలో తిన్నది కూడ ఆ మూలనే.

నువ్వు నర్సమ్మ ఎంట పోతున్నవ్. ఆమె పొద్దంత దవఖానల అలిసి వస్తది, నువ్వు పొద్దంత ఖాళీగుండి అలుస్తవ్, ఖాళీగుండి అలుసుడే కష్టం, ముందే చెప్తున్న. పోయే ముందట ఏదన్న చేతిపని నేర్చుకుని పో, మోటర్ రిపేరు, సైకిల్, సోలార్ వైరింగ్, కటింగ్ చేసుడు అయినా సరే. మీ దోస్తులకు చెప్పు, దుబాయ్‌ల నువ్వు ఉంటే ఆమె ఒక్కతి ఇంట్ల ఏడుస్తుండె, ఇప్పుడు ఇద్దరు కలిసి ఒక్క దోమతెర కింద కొట్లాడుకుంటరని.

ప్రశ్న: తిండికి ఎట్ల చేసిండ్రు? తొక్కులు తీస్కపోవచ్చా? (నర్సంపేట)

జవాబు: తీస్కపోవచ్చు కానీ ప్లాస్టిక్ క్యారీ కవర్లల్ల సుట్టి వద్దు. అక్కడ 2019 జూన్ 1 నుంచి క్యారీ బ్యాగులు బంద్, ఎయిర్‌పోర్టుల్నే తీసిపెట్టుమంటరు. మేము పదకొండు కవర్లు ఇప్పుకుంట కూసున్నం, మామిడికాయ తొక్కు వాసనకు ఆఫీసరు రెండడుగులు ఎన్కకు జరిగిండు. స్టీలు డబ్బాల పెట్టి పాత లుంగీ సుట్టుండ్రి.

తిండికి మనోళ్లకు ఏం ఫికర్ లేదు. వాళ్ల ఉగాలి అంటే మన మక్క గట్కనే, గట్టిగ ముద్ద చేస్తరు. మ్చిచా అంటే తోటకూర. చింతపండును ఉక్వాజు అంటరు, అసలు చింతచెట్టు పుట్టిందే ఆఫ్రికాల, మనది మనది అనుకుంటం. పల్లి, నువ్వులు, జొన్నలు అన్నీ ఉంటయ్. ఎండు చాపలు దగా అంటరు, పేరు చూసి భయపడకుండ్రి, దగా ఏం లేదు, మంచిగుంటయ్. దసరాకు నేను బియ్యప్పిండిల పల్లి, నువ్వులు, ఉల్లాకు ఏసి పిడి లేని వాళ్ల గిన్నెల, సుఫూరియా అంటరు, గిన్నప్ప ఒత్తిన, బొగ్గుల మీద మస్తు కాలింది. పంచిపెడితే అందరూ తిన్నరు, ఒక్క మామ మటుకు "కారం తక్కువైతే ఇంకా మంచిగుండు" అన్నది. నేను అప్పటికే మన వరంగల్ కారం సగానికి సగం తగ్గించి ఏసిన.

ప్రశ్న: మలేరియా వస్తదా? మా పిల్లలు వద్దంటుండ్రు. (రిటైర్డ్ ఉద్యోగి, కాజీపేట)

జవాబు: వస్తది సార్, వచ్చింది కూడ. మన దగ్గర వచ్చేదాని కంటె అక్కడిది ఎక్కువ శాతం ఫాల్సిపారం రకం, లేటయితే ప్రాణం మీదికి తెస్తది. దోమ కుట్టిన పది, పదిహేను రోజులకు జరం వస్తది, అందుకని పోయినంక మొదటి రెండు వారాలు ఏం కాకపోతే మనకు రాదులే అనుకుంటరు, మా ఆయన గట్లనే అనుకుని ఒక రాత్రి తెర దించలే. జరం వస్తే ఆ పూటనే పరీక్ష చేయించాలె, వేలు మీద ఒక్క చుక్క తీసి కిట్‌ల ఏస్తే పావుగంటల తెలుస్తది. పాజిటివ్ వస్తే ఆయనకు ఆరు డోసులు, మూడు దినాల గోలీలు ఇచ్చిండ్రు, "దావా మ్సేతో" అంటరు, కడుపుల కొవ్వు తిండి ఉండంగ మింగాలె. జరం తగ్గిందని నడుమల బంద్ పెట్టొద్దు. రాకుండ ముందుగాల్నే వేసుకునే గోలీలు వేరే ఉన్నయ్, మీ బీపీ, షుగర్ మందులతోని ఏది పడుతదో డాక్టరునే అడుగుండ్రి. తిరిగొచ్చినంక కొన్ని నెలల దాక జరం ఏదొచ్చినా డాక్టరుకు ఆఫ్రికా పోయొచ్చిన అని మొదటి మాటనే చెప్పుండ్రి.

ఎల్లో ఫీవర్ దేశాల మీదుగ ఫ్లైట్ మారేదుంటే ఆ టీకా కార్డు దగ్గర పెట్టుకోండ్రి. హైదరాబాద్ నారాయణగూడ ఐపీఎంల (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తరు, ప్రయాణానికి కనీసం పది దినాల ముందు పడాలె, ఒక్కసారి వేస్తే జీవితాంతం నడుస్తది. అరవై దాటినోళ్లు ముందు డాక్టరుతోని మాట్లాడాలె. ఇంకొకటి, బయట ఆరేసిన బట్టలు, లోపలి బట్టలతో సహా, ఇస్త్రీ చేయకుండ తొడగొద్దు. తడి బట్టల మీద ఒక ఈగ గుడ్లు పెడుతది, పిల్ల పురుగు చర్మంలకు పోయి గడ్డ లేస్తది. మా బొగ్గుల ఇస్త్రీపెట్టె అందుకే రోజూ వేడిగుండేది.

దోమ కడుపుల మలేరియా క్రిమి ఉంటదని రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న కనిపెట్టింది మన సికింద్రాబాద్‌ల్నే. ఈ ముచ్చట మా ఆయన జరంల వణుక్కుంట నర్సుకు చెప్పిండు, ఆమె జరం నెత్తికెక్కిందనుకుంది.

ప్రశ్న: ములుగు, భూపాలపల్లి అడవుల గూడేలల్ల పంతుళ్లు లేరు, దవఖానలు లేవు. గవి ఇడిచి విమానమెక్కి ఆఫ్రికాకు సేవ చేయపోవుడు ఫొటోల కోసం కాదా? (పరకాల)

జవాబు: ఫొటోలు దిగినం, అబద్ధమెందుకు. సేవ అనే మాట మటుకు నేను అనలే, 14 నెలలల్ల మేము చేసినదాని కంటె మాకు చేసిందే ఎక్కువ, నీళ్ల డబ్బా కాడి నుంచి లెక్కపెట్టుకో అన్నా. ఎందుకు పోయినం అంటే, ఇద్దరం రిటైరయినం, పిల్లలు వాళ్ల దిక్కు వాళ్లున్నరు, చూడని జాగల చేతనైన పని చేద్దామనిపించింది, నా మటుకు గంతే. మీ ప్రశ్నకు ఇది సరిపోయే జవాబు కాదని నాకు తెలుసు.

ములుగు దిక్కు ఏ బడిలనన్న లెక్కల టీచరు లేకపోతే ఊరి పేరు, బడి పేరు రాయండ్రి. నాకు మంగళవారం, గురువారం, శనివారం ఖాళీ. ఉండనీకి ఒక రూము చూపిస్తే చాలు, బియ్యం మేమే తెచ్చుకుంటం. మా ఆయన కూడ వస్తడు, ఈసారి పెన్ డ్రైవ్ లేదు.